మా ఇంట్లో మూడు సంఘాల రశీదులు

పలాస–కాశీబుగ్గ జీడి పరిశ్రమల సంఘాల పెద్దలకు, ఉద్దానం జీడి రైతు సంఘాల నాయకులకు, చిన్న యూనిట్ల యజమానులకు, శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారికి, ఉద్యాన, మార్కెటింగ్ శాఖల అధికారులకు బహిరంగ లేఖ

పెద్దలందరికీ నమస్కారాలు.

వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక పల్లె మాది. మూడెకరాల జీడి తోట, పెరట్లో నాలుగు కొబ్బరి చెట్లు మా ఆస్తి. పెళ్ళై వచ్చిన మరుసటి ఏడాది నుంచి 22 ఏళ్ళు పలాసలో జీడిపప్పు పొట్టు తీశాను. చదివింది ఇంటర్. ఈ ఉత్తరంలోని లెక్కలు నేను వేసినవి, నైరా వ్యవసాయ కళాశాలలో చదివిన మా అమ్మాయి సరిచూసినవి.

మా ఇంట్లో ఒక ట్రంకు పెట్టె ఉంది. పాసుపుస్తకం, ఇంటి పన్ను కాగితాలతో పాటు అందులో మూడు సంఘాల సభ్యత్వ రశీదులు ఉన్నాయి. ఒకటి మా ఆయనది, జీడి రైతు సంఘం ఇచ్చింది. రెండోది మా మరిదిది. ఆయన ఇంటి వెనక రేకుల షెడ్డు వేసుకుని నాలుగు కటింగు మిషన్లతో చిన్న యూనిట్ నడుపుతాడు, చిన్న యూనిట్ల సంఘంలో సభ్యుడు. మూడోది నాది, పొట్టు తీసే ఆడవాళ్ళ సంఘానిది. ఒకే పొయ్యి మీద వండుకుని తినే ఇంట్లోంచి మూడు చోట్లకు చందా వెళుతోంది. మూడు సంఘాలూ ఒకే పప్పు మీద బతుకుతున్నాయి. గొడవ వచ్చినప్పుడు పెద్దమనుషుల ముందు ఎదురెదురుగా కూర్చున్నారు తప్ప, ఈ పప్పును ఎలా అమ్ముకుందాం, ఎవరికి అమ్ముదాం అని ఒక్క చోట కూర్చుని మాట్లాడుకున్న రోజు నాకు తెలిసి లేదు.

ఈ మాట మీకు కొత్త కాదు. రెండేళ్ళ కిందట పిక్కల (పెంకుతో ఉన్న జీడి గింజల) సీజను మొదలయ్యే ముందు మా ఆడవాళ్ళ సంఘం తరఫున ఒకే అర్జీని నాలుగు ప్రతులు రాయించి నాలుగు చోట్ల ఇచ్చాం. ఒక చోట “ఇది రైతులు తేల్చుకోవాల్సిన విషయం” అన్నారు. ఇంకో చోట “ఫ్యాక్టరీల వాళ్ళ పక్కన కూర్చోమంటావా అమ్మా” అని నొచ్చుకున్నారు. మూడో చోట కాగితం తీసుకుని లోపల పెట్టారు. ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఇచ్చిన నాలుగో ప్రతికి ముద్ర వేసిన రశీదు ఇచ్చారు. కిందటేడు ఆ రశీదు పట్టుకుని మళ్ళీ వెళితే అర్జీ ఎక్కడుందో చెప్పగలిగినవాళ్ళు లేరు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను. ఎవరినీ తప్పుపట్టాలన్న ఉద్దేశం నాకు లేదు. మీలో చాలామంది చేతుల కింద నేను పని చేశాను, మీరు పెట్టిన అన్నం తిన్నాను.

మేము కోరేది ఒకటే. రైతులు, యూనిట్ల యజమానులు, పనివాళ్ళు వేరువేరుగా నడుపుతున్న సంఘాల సభ్యత్వాలను ఒక ఉమ్మడి జాబితాలోకి తీసుకురండి. పప్పు అమ్మకం వరకైనా అందరం ఒకే పేరుతో, ఒకే గుర్తుతో బజారుకు వెళదాం. పిక్క ధర దగ్గర, కూలి రేటు దగ్గర ఎవరి బేరం వాళ్ళు చేసుకోవచ్చు. కొనేవాడి ముందు మాత్రం మూడు ముక్కలుగా నిలబడవద్దు.

పోయిన దసరాకు మా అమ్మాయి విశాఖపట్నం నుంచి వస్తూ అర కిలో జీడిపప్పు ప్యాకెట్ తెచ్చింది. జీడి పండే ఊరికి జీడిపప్పు కొనుక్కొచ్చావేమిటే అని మా అత్తగారు అడిగారు. నాకు చూపించడానికే తెచ్చానంది. ప్యాకెట్ మీద పెద్ద అక్షరాలతో ‘పలాస స్పెషల్’ అని ఉంది. ఎవరు తయారు చేశారో, ఏ ఊళ్ళో కట్టారో ఎక్కడా లేదు. విప్పి పళ్ళెంలో పోశాను. పప్పు వంకీ లోపలి వైపు పొట్టు అలాగే అంటుకుని ఉంది. పొట్టు తీసే చోట మేస్త్రి ముందుగా చూసేది ఆ వంకీనే, అక్కడ పొట్టు ఉంటే ఆ గిన్నె మళ్ళీ మన ముందుకే వస్తుంది. గుండ్లలో, అంటే విరగని పప్పుల్లో, రెండు మూడు సైజులు కలిసిపోయాయి. కొన్నింటి అంచులు ఎర్రబడ్డాయి, వేడి ఎక్కువైందన్నమాట. నోట్లో వేసుకుంటే పటుక్కున విరగలేదు, మెత్తగా సాగింది. తేమ పట్టిన పప్పు అది. నిజంగా పలాసలో తయారైతే తప్పు మనది. కాకపోతే మన పేరును ఎవరో వాడుకున్నారు. రెండింటిలో ఏది నిజమో తేల్చే మనిషి గానీ, పుస్తకం గానీ మన దగ్గర లేవు. ఆ ప్యాకెట్ కొని పాయసంలో వేసుకున్న ఇల్లాలు మరోసారి పలాస పేరు చూసి చెయ్యి చాపుతుందా?

ఆ పేరు వెనక ఎంత పని ఉందో చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. పిక్కను ఉడికించి, ఆరబెట్టి, ఒక్కొక్కటిగా మిషను కింద పెట్టి కోస్తారు. పెంకులోని జీడి నూనె తగిలి కోసేవాళ్ళ వేళ్ళు నల్లబడతాయి, చర్మం పొరలు పొరలుగా లేస్తుంది. ఆముదమో బూడిదో రాసుకుని మళ్ళీ కూర్చుంటారు. లోపలి పప్పును వేడి గదిలో ఆరబెడితే పొట్టు వదులవుతుంది. అప్పుడు మా ముందు పోస్తారు. బొటనవేలి గోరు, చిన్న చాకు, అంతే మా పనిముట్లు. గుండు విరిగితే బద్ద అవుతుంది, బద్ద విరిగితే ముక్క అవుతుంది. ఒక్కో మెట్టు దిగేకొద్దీ ధర దిగుతుంది. 240 నంబరు అంటే పౌనుకు, అంటే 454 గ్రాములకు, 220 నుంచి 240 గుండ్లు తూగాలి. 320 నంబరు అంటే 300 నుంచి 320. ఏ దేశంలో బేరం చేసినా ఈ లెక్క ఇదే. మా వరసలో కూర్చున్న ఆడవాళ్ళు తూకం లేకుండా కంటి చూపుతోనే 240ని ఒక కుప్ప, 320ని ఒక కుప్ప చేసేవాళ్ళు. పలాస స్టేషన్‌లో రైలు ఆగగానే జనం కిటికీల్లోంచి పప్పు పొట్లాలు అడుగుతున్నారంటే ఆ చేతుల వల్లే.

ఇక పిక్క సంగతి. మన దగ్గర బస్తా అంటే 80 కిలోలు. ఒక బస్తా పిక్కల నుంచి ఎన్ని పౌనుల పప్పు దిగుతుందన్న దాని మీదే ప్రపంచమంతటా ధర కడతారు. దాన్ని అవుటర్న్ అంటారు. 48 పౌనులు దిగితే 21.8 కిలోల పప్పు. 44 పౌనులే దిగితే సుమారు 20 కిలోలు. బస్తాకు తేడా దాదాపు 1.8 కిలోలు. కిలో పప్పు ధర మీకు నేను చెప్పనక్కర్లేదు. మా ఆయన బస్తాలు బండి మీద వేసుకుని వెళితే, కొనే ఆయన గుప్పెడు పిక్కలు తీసి, నాలుగైదు చీల్చి చూసి, తేమ ఉందంటాడు, తాలు ఉందంటాడు, ధర చెబుతాడు. ఆ ధర న్యాయమో అన్యాయమో తెలుసుకునే దారి మాకు లేదు. ఆయన దొంగ అని నేను అనను. ఆయనకూ ఆ నాలుగైదు పిక్కలే ఆధారం. ఒక తోట పిక్కలో మంచి పప్పు దిగుతుందని ఎవరూ రాసిపెట్టకపోవడం వల్ల మంచి పిక్కకూ, తాలు పిక్కకూ ఒకే ధర పడుతోంది. బస్తాకు 16 వేల రూపాయల మద్దతు ధర ఇవ్వాలని ఉద్దానం రైతులు రోడ్డెక్కినప్పుడు మా ఆయనా వెళ్ళాడు. అదే రోజుల్లో మా మరిది బ్యాంకు అప్పు కట్టలేక యూనిట్‌కు తాళం వేశాడు. పిక్కకు ధర లేదని అన్న, పప్పుకు ధర లేదని తమ్ముడు ఒకే వసారాలో చెరో పక్క కూర్చున్నారు.

ఆఫ్రికా నుంచి వచ్చే పిక్క గురించి కూడా దాపరికం లేకుండా మాట్లాడుకోవాలి. పలాస–కాశీబుగ్గ జంట పట్టణాల్లో 200కు పైగా యూనిట్లు ఉన్నాయి. ఉద్దానం పిక్క ఒక్కటే అయితే అవి ఏడాది పొడవునా నడవవు. ఐవరీ కోస్ట్, టాంజానియా వంటి దేశాల పిక్క ఓడల్లో వస్తుంది కాబట్టే మన మార్చి–మే కోత అయిపోయాక కూడా మా ఆడవాళ్ళకు పని దొరుకుతోంది. ఆ పిక్క దిగినప్పుడల్లా మన పిక్క ధర పడిపోతోందని రైతు కడుపుమంట. ఇద్దరి మాటా నిజమే. అయితే రెండు పిక్కల పప్పూ ఒకే డబ్బాలో, ఒకే పేరుతో వెళ్ళిపోతున్నంత కాలం రైతుకు తన నేల విలువ దక్కదు.

సరిగ్గా ఇదే తగవు నూరేళ్ళ కిందట ఫ్రాన్స్‌లో వచ్చింది. మా అమ్మాయి చెబితే తెలిసింది. షాంపేన్ అనే ప్రాంతంలో ద్రాక్ష పండించి వైను చేస్తారు. మద్యం గురించి రాస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. తాగుడు మా ఊళ్ళలో ఎన్ని ఇళ్ళు కూల్చిందో నాకు తెలుసు. సరుకును పక్కన పెట్టి, వాళ్ళు సంఘాలను ఎలా కలిపారో చూడమంటున్నాను. పంటలు దెబ్బతిని రైతులు అల్లాడుతున్న కాలంలో పెద్ద కంపెనీలు బయటి ప్రాంతాల ద్రాక్ష తెచ్చి షాంపేన్ పేరుతోనే అమ్ముతున్నాయని 1911లో రైతులు తిరగబడ్డారు. పీపాల్లోని వైను వీధుల్లో పారబోశారు, ఇళ్ళు తగలబెట్టారు, సైన్యం దిగింది. అంత పగ ఉన్న ఆ రెండు పక్షాలే 1941లో ఒక ఉమ్మడి కమిటీలో కూర్చున్నాయి. ఈనాటికీ ఆ కమిటీకి ఇద్దరు అధ్యక్షులు. ఒకరు రైతుల తరఫున, ఒకరు కంపెనీల తరఫున. తోటల్లో ఎక్కువ భాగం రైతుల చేతిలో ఉంది, అమ్మకాల్లో ఎక్కువ భాగం కంపెనీల చేతిలో ఉంది. ఒకరు లేకుండా ఇంకొకరికి గడవదని ఒప్పుకున్నారు. ఇద్దరూ చందా వేసుకుంటారు, ఇద్దరూ కలిసి ఆ పేరుకు కాపలా కాస్తారు. ఆ ప్రాంతంలో పండని ద్రాక్షతో చేసిన వైనును యూరోపియన్ యూనియన్ దేశాల్లో ఎవరూ షాంపేన్ అని అమ్మలేరు.

న్యూజిలాండ్‌లో ద్రాక్ష రైతుల మండలి వేరుగా, వైను తయారీదారుల సంస్థ వేరుగా ఉండేవి. 2002లో రెండూ కలిసి ఒకే సంస్థగా పని చేయడం మొదలుపెట్టాయి. ఆస్ట్రేలియాలో కూడా రెండు జాతీయ సంఘాలు 2019లో ఒకటయ్యాయి. మనకన్నా చదువు, డబ్బు, రోడ్లు, ఓడలు అన్నీ ఉన్నవాళ్ళే విడివిడిగా అమ్ముకోలేమని తెలుసుకుంటే, మనం ఏ ధైర్యంతో విడిగా ఉన్నాం?

అంత దూరం వద్దంటే పక్కనే ఉన్న అరకు చూడండి. కొండ మీద అర ఎకరం, ఎకరం కాఫీ ఉన్న గిరిజన రైతులు వేల సంఖ్యలో ఒక సహకార సంఘంలో చేరారు. 2017లో అరకు పేరుతో పారిస్‌లో దుకాణం తెరిచారు. 2019లో అరకు లోయ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, అంటే ఆ ప్రాంతం సరుకుకే ఆ పేరు చెల్లుతుందని ప్రభుత్వం నమోదు చేసింది. మహారాష్ట్రలో వెంగుర్ల జీడికి ఆ గుర్తింపు ఉంది. మన పక్క బొబ్బిలి వీణకూ, మన బుడితి ఇత్తడికీ ఉంది.

ఇలా విడివిడిగా ఉండటం వల్ల మామూలు మనుషులకు ఏమవుతోందో వరసగా రాస్తున్నాను. ఇవి నా కళ్ళతో చూసినవి.

1. సీజను మొదటి నెలలోనే రైతు పిక్క అమ్మేస్తాడు. దాచుకోవడానికి గోదాము లేదు, ఆగడానికి చేతిలో డబ్బు లేదు. ఉద్దానంలో ఎన్ని ఇళ్ళలో కిడ్నీ జబ్బు ఉందో మీకు తెలుసు. వారానికి రెండుసార్లో మూడుసార్లో డయాలసిస్‌కు వెళ్ళే మనిషి ఇంట్లో ఉంటే ధర పెరిగేదాకా ఆగమని ఎవరు చెప్పగలరు? మందులు ప్రభుత్వం ఇచ్చినా, తోడు వెళ్ళే మనిషి కూలి పోతుంది, దారి ఖర్చు అవుతుంది, తిండి మారుతుంది. మా వీధిలో ఒక ఇంటివాళ్ళు చెట్టు మీద పూత ఉండగానే బయానా తీసుకున్నారు. పిక్క రాలేసరికి అది వాళ్ళది కాదు.

2. తిత్లీ తుఫాను 2018 అక్టోబర్ 11న పలాస దగ్గరే తీరం దాటింది. మా మూడెకరాల్లో నిలబడిన చెట్లను వేళ్ళ మీద లెక్కపెట్టాను. జీడి మొక్క కాపుకు రావడానికి మూడేళ్ళు, నిండు కాపుకు ఏడెనిమిదేళ్ళు పడుతుంది. తోట నష్టం మా ఆయన ఒక చోట రాయించుకున్నాడు, ఎగిరిపోయిన షెడ్డు రేకుల సంగతి మరిది ఇంకో చోట రాయించుకున్నాడు. పిక్క లేక, యూనిట్ నడవక నెలల తరబడి కూలి పోయిన నేను ఎక్కడా రాయించుకోలేకపోయాను. ఉమ్మడి జాబితా ఉంటే మా ఇల్లు ఒకే కాగితం మీద ఉండేది.

3. చిన్న యూనిట్ పెద్ద ఆర్డరు పట్టలేదు. స్వీట్ల దుకాణాల వాళ్ళు ఒకే రకం 320 గుండ్లు వంద టిన్నులు అడుగుతారు. టిన్ను 10 కిలోలు. మా మరిది నెలంతా పని చేసినా అన్ని గుండ్లు ఒకే సైజులో ఇవ్వలేడు. అలాంటివాళ్ళు పది మంది కలిస్తే ఇవ్వగలరు. కలిపే వేదిక లేక తన పప్పును పెద్ద యూనిట్‌కు తక్కువకు ఇచ్చేస్తాడు.

4. యూనిట్ ఆగితే ముందు ఆగేది మా చేతులు. కిలోల లెక్కన కూలి, పని లేని రోజుకు ఏమీ లేదు. నాతో కూర్చున్న పదకొండు మందిలో నలుగురు ఇప్పుడు విశాఖలో, చెన్నైలో భవనాల పనికి వెళ్ళిపోయారు. గుండు విరగకుండా పొట్టు తీయగల ఆ చేతులు ఇటుకలు మోస్తున్నాయి.

5. సీతంపేట కొండల్లో గిరిజనులు పండించే జీడి కూడా దళారుల సంచుల్లో పలాసకే వస్తుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారి వాళ్ళు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళారు. ఇక్కడి సంఘాల్లో వాళ్ళ పేరు లేదు, ఇక్కడి సమావేశాలకు వాళ్ళకు పిలుపు లేదు.

పెద్ద యూనిట్ల యజమానుల భయం నాకు తెలుసు. చిన్నవాళ్ళ పప్పు కలిస్తే ఏళ్ళ తరబడి నిలబెట్టుకున్న తమ పేరు చెడుతుందంటారు. అది తీసిపారేసే మాట కాదు. అందుకే నాణ్యత నియమం ముందు పెట్టండి, నియమం దాటిన డబ్బాకు గుర్తు ఇవ్వకండి, అది ఎవరి డబ్బా అయినా సరే. రైతు నాయకుల భయమూ తెలుసు. డబ్బున్నవాళ్ళు సంఘాన్ని మింగేస్తారంటారు. ఓట్లు డబ్బును బట్టి కాకుండా సగం రైతులకు, సగం తయారీ వైపు వాళ్ళకు ఉండేలా నియమావళిలో రాసుకుంటే మింగడానికి వీలుండదు.

ఇప్పుడు మా డిమాండ్లు.

1. వచ్చే సంక్రాంతి లోపు, అంటే చెట్లు పూత మీద ఉండగానే, అన్ని జీడి సంఘాల సభ్యుల పేర్లతో ఒక ఉమ్మడి జాబితా తయారు కావాలి. ఏ సంఘాన్నీ రద్దు చేయనక్కర్లేదు. పాత సంఘాలు పాత పేర్లతోనే ఉంటాయి. సభ్యుడు ఒక్క చోట చందా కడితే ఒక్క రశీదు ఇవ్వండి, అందులోంచి అతని సంఘానికి వాటా పంపండి. సీతంపేట రైతుల పేర్లు కూడా ఇందులో ఉండాలి. జిల్లా సరిహద్దు జీడి చెట్టుకు తెలియదు.

2. ఉమ్మడి కమిటీకి ఇద్దరు అధ్యక్షులు ఉండాలి, ఒకరు తోట వైపు నుంచి, ఒకరు యూనిట్ వైపు నుంచి. పొట్టు తీసే, పిక్క కోసే ఆడవాళ్ళకు తయారీ వైపు సగంలో ఓటున్న స్థానాలు కావాలి. టీ ఇవ్వడానికి పిలిచే స్థానాలు మాకు వద్దు. పప్పు నాణ్యత గురించి మాట్లాడేటప్పుడు దాన్ని రోజుకు ఎనిమిది గంటలు చేత్తో పట్టుకున్నవాళ్ళు ఆ గదిలో ఉండాలి.

3. గుర్తులు రెండు ఉండాలి. ఉద్దానంలో, మన్యంలో పండిన పిక్కను పలాసలో తయారు చేస్తే ఒక గుర్తు. బయటి దేశం పిక్కను పలాసలో తయారు చేస్తే ఇంకో గుర్తు, పిక్క ఎక్కడిదో డబ్బా మీద తెలుగులో రాసి. రెండోదాన్ని తక్కువ చేయాలని నా ఉద్దేశం కాదు, అందులోనూ మా చేతి పని ఉంది. కొనేవాళ్ళకు నిజం చెప్పి అమ్మితే రెండింటికీ వాటి వాటి ధర వస్తుంది. షాంపేన్ రైతులు 1911లో వీధిన పడి అడిగింది కూడా ఇంతే. ప్రతి డబ్బా మీద తయారు చేసిన యూనిట్ నంబరు, తయారైన నెల ఉండాలి, మా అమ్మాయి తెచ్చిన ప్యాకెట్ లాంటిది దొరికితే ఎవరిని అడగాలో తెలియాలి.

4. భౌగోళిక గుర్తింపు పనిని ఈ ఉమ్మడి కమిటీయే చేపట్టాలి. 1999 నాటి చట్టం ప్రకారం ఆ గుర్తింపు కోరవలసింది ఉత్పత్తిదారుల తరఫున నిలబడే సంఘమో, సంస్థో, అధికార యంత్రాంగమో. ఒక వ్యాపారి సొంతానికి వచ్చేది కాదు. వచ్చాక కూడా పదేళ్ళకోసారి కొనసాగించుకోవాలి, దాన్ని వాడుకునే రైతుల, తయారీదారుల పేర్లు నమోదు చేయించాలి, దొంగ పేరుతో అమ్మేవాళ్ళ మీద కేసు వేయాలి. మూడు సంఘాలు మూడు దిక్కులు చూస్తుంటే ఆ కేసుకు లాయరు ఫీజు ఎవరు కడతారు?

5. బస్తాకు రైతు 5 రూపాయలు, కొన్న యూనిట్ 5 రూపాయలు ఉమ్మడి నిధిలో వేయాలి. లక్ష బస్తాలకు 10 లక్షలు అవుతుంది. దాన్ని ప్యాకింగుకు, నాణ్యత పరీక్షలకు, పెద్ద నగరాల్లో ప్రదర్శనలకు మాత్రమే వాడాలి. ప్రతి నెలా లెక్క కాశీబుగ్గలో అందరూ చూసే చోట బోర్డు మీద రాయాలి.

6. ఉద్యాన, మార్కెటింగ్ శాఖల అధికారులకు. రైతు పిక్క అమ్మే ముందు అవుటర్న్ చూసి చీటీ ఇచ్చే ఏర్పాటు సీజనులో ప్రతి మండలంలో ఒక చోటైనా పెట్టండి. కావలసింది తూకం, తేమ చూసే మిషను, కోసే మిషను, ఒక మనిషి. ఆ చీటీ ఉంటే మా ఆయన బేరంలో నోరు తెరవగలడు, కొనే ఆయన కూడా నమ్మకంగా ధర కట్టగలడు. ఇది వెంటనే చేయదగిన పని, దీనికి ఏ సంఘం ఒప్పుకోలూ అక్కర్లేదు.

7. పొడిగా ఉండే గోదాము, అందులో పెట్టిన పిక్క మీద అప్పు కావాలి. ఉమ్మడి జాబితాలో పేరున్న చిన్న రైతుకు ముందు.

8. చెట్ల కింద కుళ్ళిపోతున్న జీడి పండు గురించి ఎవరైనా ఆలోచించాలి. గోవాలో ఆ పండు రసంతో చేసే ఫెనీకి 2009లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. మాకు మద్యం వద్దు. రసం, జామ్, పశువుల దాణా, ఏది గిట్టుబాటు అవుతుందో చెప్పే మనిషిని పంపండి. పిక్క గిల్లుకుని పండును పారేసే ప్రతి ఉదయం నా చేతుల్లోంచి ఎంతో కొంత కూలి జారిపోతున్నట్టే ఉంటుంది.

కలెక్టర్ గారిని వేరుగా ఒక్కటి అడుగుతున్నాను. సంఘాలు తమంతట తాము ఒకరినొకరు పిలుచుకోవు. పిలిచినవాళ్ళు తగ్గినట్టు అవుతుందని అందరికీ బెరుకు. మీరు పిలిస్తే ఎవరూ తగ్గినట్టు కాదు. ఒక్క రోజు, పలాసలోనే, అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టండి. నెల రోజుల్లోగా తేదీ ప్రకటించండి. ప్రకటించకపోతే మా సంఘం ఆడవాళ్ళం మూడు రశీదులూ పట్టుకుని ప్రతి సంఘం గుమ్మం ముందూ ఒక్కో రోజు కూర్చుంటాం. పని మానుకుని వస్తాం, ఆ రోజు కూలి మాదే పోతుంది.

సమావేశం పెడితే మా తోటలోంచి ఒక బస్తా పిక్క నేను తెస్తాను. మరిది తన కటింగు మిషను తెస్తానన్నాడు. అందరి ముందు ఉడికించి, ఆరబెట్టి, కోసి, నేనే పొట్టు తీస్తాను. రెండు రోజులు పట్టినా ఎవరూ కదలవద్దు. చివర తూకం ముల్లు ఎక్కడ ఆగుతుందో రైతు నాయకులు, యూనిట్ యజమానులు పక్కపక్కన నిలబడి చూడాలి. ఆ పౌనుల సంఖ్యను ఉమ్మడి పుస్తకంలో మొదటి పేజీలో మొదటి లెక్కగా రాద్దాం.

ఇట్లు,
పొట్టు తీసే ఆడవాళ్ళ సంఘం తరఫున ఒక సభ్యురాలు,
వజ్రపుకొత్తూరు మండలం, శ్రీకాకుళం జిల్లా